పక్క బెడ్డు

పాలమూరు వైపు ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు ఈ మాట అలవాటే: "నువ్వే మా దేవునివి సారూ." డిశ్చార్జి రోజున, గోలీలూ చీటీలూ సంచిలో సర్దుకుంటూ అంటారు. ప్రేమతో అనే మాటే గానీ నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అదే వార్డులో, అదే వారంలో, అదే మందు ఇచ్చినా దక్కని మనిషి ఒకరు ఉంటారు. బతికిన మనిషి దగ్గర దేవుడుంటే, పోయిన మనిషి దగ్గర ఎవరున్నట్టు? అద్భుతాల లెక్కన వెతికితే ఆయన కొందరి దగ్గరికి వచ్చి, కొందరిని వదిలేసి పోయినట్టే కనబడతాడు. నేను నమ్మేవాణ్ణే. అందుకే వేరేచోట చూడటం మొదలుపెట్టాను. జబ్బు నయమైందా లేదా అన్నదానితో పనిలేని చోట.

వనపర్తిలో ఒకామెకు ఏడో నెల దాటగానే కాన్పయింది. బిడ్డ కిలోన్నర లోపే. తల్లికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి, ఆమె వేరే వార్డులో ఉంది. తండ్రి పుణెలో కూలిపని వదిలి బయల్దేరాడు గానీ ఇంకా దారిలోనే ఉన్నాడు. అంత చిన్న బిడ్డను ఎవరో ఒకరు ఒంటికి ఒళ్ళు ఆనేలా ఛాతీకి కట్టుకుని కూర్చోవాలి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. బిడ్డ తేరుకునేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా చేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని, మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో చెప్పింది. తల్లికి వీలుకాకపోతే ఇంట్లో ఇంకెవరైనా సరే. నాయనమ్మ వచ్చి కూర్చుంది. పల్లికాయ తెంపి తెంపి గట్టిపడిన వేళ్ళు. ఒక చెయ్యి బిడ్డ వీపు కింద, ఒక చెయ్యి తల వెనక. దేవునికి మొక్కుకున్నావా అవ్వా అని సిస్టర్ అడిగితే, "మొక్కనీకి చేతులు యాడ ఖాళీగున్నయి బిడ్డా" అంది.

నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల అంచున అచ్చంపేట వైపు ఒక ఊరికి పాలియేటివ్ కేర్ బండిలో వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక పెద్దామెకు బుగ్గ క్యాన్సర్. ఏళ్ళ తరబడి బుగ్గన పెట్టుకున్న తంబాకు చేసిన పని. ఆపరేషన్ దశ దాటిపోయింది. కొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీ, ఇంట్లో కోడలు ఒక్కతే. అత్తాకోడళ్ళకు ఏళ్ళుగా మాటల్లేవు. ఈ సంగతి కోడలే చెప్పింది, దాచుకోకుండా.

చెంప పుండై బయటికి తెరుచుకుంది. పురుగులు పట్టాయి. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ పెడితే పురుగులు పైకొస్తాయి, పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి. వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ గోలీలు పొడి చేసి చల్లాలి. ఒకసారి చేసి చూపించాం. మళ్ళీ వెళ్ళేసరికి పుండు శుభ్రంగా ఉంది. పట్టకారు మరిగించి గుడ్డలో చుట్టి పెట్టింది. మార్ఫిన్ నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. 2014లో మత్తుమందుల చట్టం సడలించేదాకా ఆ గోలీ సంపాదించడమే మాకు పెద్ద తలనొప్పి. అర్ధరాత్రి మోతాదు తప్పకుండా కోడలు సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుంది. అన్నిటికన్నా నన్ను ఆపేసింది ముసలామె జడ. నూనె రాసి, దువ్వి, అల్లి ఉంది. ఎందుకమ్మా అంటే, "ఎవరన్న చూడొస్తే మంచిగ కనపడాలె గద సారు" అంది.

సినిమాలో అయితే ఈపాటికి ఇద్దరూ ఏడ్చి కలిసిపోయేవారు. అలాంటిదేమీ జరగలేదు. మాటలు కలిశాయా అని అడిగాను. "ఆమెకు ఇప్పుడు మాట్లాడరాదు. నేనే మాట్లాడుత." కొద్ది వారాలకు పెద్దామె పోయింది. ఆ ఇంట్లో నన్నెవరూ దేవుడనలేదు.

నాగర్‌కర్నూలుకు ఇలాంటి వైద్యం కొత్త కాదు. మెనోనైట్ బ్రెదరెన్ మిషన్ తరఫున 1907లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ నిజాం రాజ్యంలో ఇక్కడా పనిచేశారు, 1945లో శంషాబాద్‌లో కన్నుమూశారు. పెన్సిలిన్ మన పల్లెలకు ఇంకా చేరని కాలం అది. ఆనాటి డాక్టరుకు మందుపెట్టెలో ఉన్నదానికన్నా పక్కన కూర్చునే ఓపికతోనే ఎక్కువ పని పడి ఉంటుందని నా అనుమానం.

ఇంతా చెప్పాక, ఎవరూ లేనివాళ్ళ సంగతి దాటేయలేను. బస్టాండులో పడిపోతే 108లో తెచ్చినవాళ్ళు, కేస్‌షీట్‌లో ఊరూ పేరూ ఖాళీగా ఉండేవాళ్ళు. దేవుడు ఎవరో ఒకరిని తప్పక పంపుతాడని చెప్పేవాళ్ళు జనరల్ వార్డులో రాత్రి డ్యూటీ చేసి ఉండరు. చాలాసార్లు ఎవరూ రారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే, నిన్నెవరు పంపారమ్మా అని అడగాలనిపించే మనుషులనూ చూశాను.

గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి ఎక్కువ. పువ్వు విచ్చకముందే సాయంత్రం పూట మొగ్గలో పుప్పొడి భాగం గిల్లేసి, మర్నాడు పొద్దున మగ పువ్వుతో అద్దే క్రాసింగ్ పని అది. ఆ రోజుల్లోనే పురుగుమందు కొట్టడమూ ఎక్కువ. గాలికి ఎదురుగా కొట్టిన ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. నోట నురగ, ఒంటినిండా చెమట, సూదిమొనంత కంటిపాపలు. ఆర్గానోఫాస్ఫేట్ విషం. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కించాం. రెండో రోజుకు కళ్ళు తెరిచి మాట్లాడాడు. చంటిపిల్లకు జ్వరమని కబురొస్తే భార్య ఊరికి వెళ్ళింది.

ఈ విషానికి ఒక దొంగదెబ్బ ఉంది. అంతా సర్దుకుందనిపించాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు పట్టు తప్పుతాయి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు. ఆ రాత్రి పక్క బెడ్డులో షుగర్ పుండుతో ఉన్న మనిషి భార్య సిస్టర్ దగ్గరికి వచ్చింది. "పొద్దుగాల ఆ పిల్లగాడు తల లేపి నీళ్ళు తాగిండమ్మా. ఇప్పుడు నేను పట్టుకుంటెగాని తల లేస్తలేదు."

అప్పటికి ఆక్సిజన్ అంకె బాగానే ఉంది. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాం. పది దాకా పోలేకపోయాడు. గొంతులో గొట్టం వేసి, 108 ఎక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాం. ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తా, తుంగభద్ర వంతెన దాటి వెంటిలేటర్ దొరికేదాకా టెక్నీషియన్ చేత్తో బ్యాగ్ నొక్కుతూనే వెళ్ళాడు.

కుర్రవాడు బతికాడు. బతక్కపోయినా ఆమె పట్టిన నీళ్ళు ఆమె పట్టినవే. మీకేమవుతాడని అడిగాను. "ఏం గాడు సారు. ఊరు గూడ ఎర్క లేదు. నీళ్ళిచ్చేటోళ్ళు లేరని ఇచ్చిన."

ఆ రాత్రి బండి ఎక్కించే తొందరలో మా జూనియర్ రిఫరల్ చీటీ రాస్తోంది. కొత్త లక్షణం ఎవరు గమనించారు, రోగితో సంబంధం ఏమిటి అని రాయాలి. సంబంధం దగ్గర కలం ఆగింది. "ఏం రాయాలి సార్?" అంది.

"పక్క బెడ్డు" అని రాయమన్నాను. అలాగే రాసి పంపింది.