రాతిమీద మిగిలిన పేర్లు

ఘంటసాల అనగానే మన ఇండ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది పాట. గాయకులు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ ప్రాంతములోని చౌటపల్లిలో జన్మించారు. ఘంటసాల వారి ఇంటిపేరు. అయితే ఆ పేరుగల ఊరు ఒకటి మన కృష్ణా జిల్లాలోనే, చల్లపల్లికి చేరువలో ఉన్నదనీ, దానికి సుమారు రెండువేల సంవత్సరముల చరిత్ర ఉన్నదనీ ఎరిగినవారు మన సంఘములలో కొద్దిమందే. చల్లపల్లి బజారుకు, అవనిగడ్డ పెండ్లికి, బందరు కోర్టుకు తిరుగుతూ ఆ చుట్టుపక్కల వందసార్లు ప్రయాణము చేసినవారు సైతము బస్సు దిగి ఆ ఊరు చూడలేదు. అందుచేత ఆ ఊరిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

కొంతకాలము క్రిందట మా సంఘ యౌవనస్థులను, నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని మేము ఘంటసాల వెళ్లాము. బయలుదేరేటప్పుడే ఒక పెద్దాయన, "అయ్యగారండీ, అది బౌద్ధులది, పక్కనున్నది శివాలయం. మనవాళ్లకు అక్కడ చూడటానికేముందండీ?" అని అడిగారు. మంచి ప్రశ్నే. దానికి దారిలో మేమేమీ జవాబు చెప్పలేదు. ముందు ఊరు చూద్దామన్నాము.

ఘంటసాల ఈనాడు చూచుటకు మన ఊళ్లవంటిదే. వరిచేలు, కాలువ, గట్టున తాటిచెట్లు, అరుగులమీద కబుర్లు. అక్కడ నిలువబడితే సముద్రము కనబడదు. కృష్ణానది కూడ పడమటగా కొన్ని మైళ్ల దూరములో పారుచున్నది. కాని క్రీస్తు శకము 2వ శతాబ్దములో అలెగ్జాండ్రియా పట్టణమునుండి లోకములోని దేశములను, రేవులను వరుసగా వ్రాసిన టాలమీ అను గ్రీకు పండితుడు తూర్పు తీరమున కంటకొస్సిల అను వర్తక స్థలమును పేర్కొన్నాడు. పాత శాసనములలో కనబడు కంటకసేల, కంటకసోల అను పేర్లు కూడ దీనివే. ఆ పేరే నోటినుండి నోటికి మారుతూ ఘంటసాల అయినదని చరిత్రకారులు చెప్పుచున్నారు. అపొస్తలుల కాలమునకు కొద్ది తరువాత, రోమా సామ్రాజ్యపు ఓడలు మన తీరముతో వర్తకము చేయుచున్న రోజులలో ఈ ఊరు పేరుగల రేవు అన్నమాట.

మరి ఆ సముద్రము ఏమైనది? ఎక్కడికీ పోలేదు. కృష్ణానదియే దానిని వెనుకకు నెట్టినది. పైనుండి ఏటేటా వరదతో వచ్చు ఒండ్రుమట్టి నది ముఖములో పేరుకొని, మేటలు వేసి, లంకలై, ఆ లంకలు ఒకదానితో ఒకటి కలిసి కొత్త నేల అయినవి. నది కూడ తన పాయలను మార్చుకొనుచు పోయినది. మనము దున్నుకొను ఈ నల్లమట్టి అంతయు అలా నది తెచ్చి పెట్టినదే. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు వచ్చి ఇది అన్నపూర్ణ అయినది గాని, నేలను తయారుచేసిన పని అంతకు వేల ఏండ్ల ముందునుండి జరుగుచున్నది. మనకు పొలము ఇచ్చిన మట్టే ఘంటసాలకు రేవు లేకుండ చేసినది. తరువాతి కాలములో బందరు రేవు కూడ మేటలు వేసి, పెద్ద ఓడలు దూరముగా నిలువవలసి వచ్చుటకు ఇటువంటి కారణమే ఉన్నది.

ఊరిలో సముద్రపు గుర్తు ఒకటి మాత్రము మిగిలియున్నది. అక్కడి పాత శివాలయములోని దేవుని పేరు జలధీశ్వరుడు. జలధి అనగా సముద్రము. నీళ్లు పోయినను పేరు పోలేదు. శివపార్వతులు ఒకే పీఠముమీద ఉండుట ఆ గుడి ప్రత్యేకత అని అక్కడివారు ఎవరిని అడిగినను చెప్పుదురు.

అక్కడనుండి మహాస్తూపము ఉన్న దిబ్బకు పోయాము. బౌద్ధము ఈ ప్రాంతములో క్షీణించిన తరువాత అది ఏమిటో జనులు మరచిపోయి, దానికి ఇంట్లో పిల్లల ముందు పలుకలేని పేరు ఒకటి పెట్టారు. గుడివాడలోను, నది అవతల భట్టిప్రోలులోను ఉన్న స్తూపముల దిబ్బలకు కూడ అదే పేరు పెట్టారు. తాతలు దేనిని పవిత్రముగా ఎంచారో మనుమలకు తెలియకపోతే ఏమగునో ఆ పేరే చెప్పుచున్నది. 19వ శతాబ్దము చివర అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి ఈ దిబ్బలను త్రవ్వి పరిశీలించి, 1894లో పుస్తకముగా ప్రకటించాడు. ఘంటసాల స్తూపపు లోపలి కట్టుబడి చిత్రముగా ఉన్నది. నడుమ ఇటుకల స్తంభము, దాని చుట్టు చతురస్రముగా గోడలు, వాటి చుట్టు గుండ్రముగా లావుపాటి గోడ, వాటిని కలుపుచు అడ్డగోడలు. బండిచక్రమును నేలమీద పరచినట్లు తలచుకొంటే సరిపోవును. ఆ గోడల నడుమ గదులలో మట్టి కూరి పైకి లేపారు. ఇటుక ఆదా అగును, దిబ్బ జారిపోకుండ గట్టిగా నిలుచును. మా బృందములోని తాపీమేస్త్రి ఒకరు దానిచుట్టు రెండుసార్లు తిరిగి, "సిమెంటు లేని రోజుల్లో ఇంత తెలివండీ!" అని ఆశ్చర్యపడ్డారు.

ఆ ప్రక్కనే పురావస్తు శాఖవారి చిన్న మ్యూజియము ఉన్నది. ఊరిలో దొరికిన శిల్పములలో కొన్ని అక్కడ ఉన్నవి. మరికొన్ని దూరదేశములకు పోయినవి. ఫ్రాన్సు దేశములో, పారిస్ నగరములోని గిమే మ్యూజియములో ఘంటసాల శిల్పములు ఉన్నవి. భట్టిప్రోలు స్తూపము సంగతి మరింత విచారకరము. అక్కడి ఇటుకలు, పాలరాతి పలకలు 19వ శతాబ్దములో రోడ్లకు, కాలువ కట్టడములకు పోగా మిగిలినది మాత్రమే ఈనాడు మనకు కనబడును. ఆ పని చేసినవారు చెడ్డవారని మేము అనము. కాలువ కట్టవలెను, రాయి దగ్గరలో ఉన్నది, దాని విలువ చెప్పువాడు లేడు. అంతే.

మిగిలిన రాళ్లు మాత్రము ఏమి చెప్పుచున్నవో వినండి. ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనములో శివకుడు అను మహానావికుని పేరు ఉన్నది. అతడు రాజు కాడు, మంత్రి కాడు. ఓడ నడుపుకొన్న మనిషి. ఎన్ని తుఫానులు దాటి వచ్చెనో ఏమో, ఆ ఊరిలో అతని పేరు నేటికిని నిలిచియున్నది.

మరియొక పేరు కొరకు నది వెంబడి పైకి, నాగార్జునకొండ దాక పోవలెను. అక్కడ బోధిసిరి అను ఒక గృహిణి 3వ శతాబ్దములో వేయించిన శాసనమున్నది. తాను ఏయే ఊళ్లలో ఏమేమి కట్టించెనో అందులో వరుసగా చెప్పించినది. ఆ వరుసలో కంటకసేలలోని మహాచైత్యమునకు తూర్పు ద్వారమువద్ద రాతి మండపము కట్టించిన సంగతి ఉన్నది. అంటే ఘంటసాల స్తూపమునకు తూర్పు వాకిలి ఉండెననియు, అక్కడ మండపము ఉండెననియు మనకు చెప్పినది ఒక స్త్రీ. ఆమె వ్రాయించిన నాగార్జునకొండ లోయ కూడ ఈనాడు నాగార్జునసాగరు నీటిక్రింద ఉన్నది. 1955లో ఆనకట్టకు పునాది వేయుటకు ముందే త్రవ్వకములు మొదలుపెట్టి, దొరికినవాటిని పైకి చేర్చి భద్రపరచుటచేత అవి మునిగిపోలేదు.

మధ్యాహ్న భోజనములైన తరువాత కరకట్ట చేరి కృష్ణ ఒడ్డుననున్న శ్రీకాకుళము వెళ్లాము. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళము పట్టణము వేరు, ఇది వేరు. ఇది ఘంటసాల మండలములోని చిన్న పల్లెయే. ఇక్కడి గుడి ఆంధ్రమహావిష్ణువుది. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ యుద్ధమునకు పోవుచు ఇక్కడ ఆగినప్పుడు, కలలో ఈ దేవుడు కనబడి తెలుగులో కావ్యము వ్రాయుమనెనని ఆయనయే ఆముక్తమాల్యదలో చెప్పుకొన్నాడు. కన్నడ దేశమునుండి ఏలిన రాజు తెలుగును ఎంచుకొన్న సంగతికి ఈ నది ఒడ్డు సాక్ష్యము. గుడిలోని ఒక మండపమును ఆముక్తమాల్యద మండపమనియే పిలుచుదురు. తరువాతి కాలములో దివిసీమవాడైన కాసుల పురుషోత్తమకవి ఈ దేవుని మీదనే ఆంధ్రనాయక శతకము వ్రాశాడు. ఘంటసాల చరిత్ర రాతిమీద నిలిచినది. శ్రీకాకుళము చరిత్ర ఎక్కువగా పుస్తకములో నిలిచినది. ఏదో ఒకదానిమీద వ్రాసి ఉంచినవారు ఉండబట్టి రెండును మనవరకు వచ్చినవి.

సాయంకాలము ఏటి ఒడ్డున కూర్చున్నప్పుడు ఉదయము అడిగిన పెద్దాయనే మరల మాట ఎత్తారు. "అయ్యగారండీ, ఆ ఇటుకలు మోసిందెవరంటారు?" అన్నారు. ఎవరు మోసియుందురు? ఈ నేలమీద కూలి చేసుకొన్నవారే. ఆ మట్టి తొక్కినవారి పేర్లు ఏ శాసనములోను లేవు. మనలో ఎవరి పూర్వికులు వారిలో ఉన్నారో ఎవరు చెప్పగలరు? మన విశ్వాసము వేరు కావచ్చును. మన ఊరు, మన ఏరు, మన మట్టి వేరు కాదు. మన చరిత్ర 1841లో ఫాక్సు, నోబుల్ దొరలు బందరులో దిగిన నాటినుండి మాత్రమే మొదలైనదని అనుకొనుట మన పిల్లలకు మనము చేయు అన్యాయము. వారు వచ్చుటకు ముందు కూడ మనవారు ఇక్కడనే ఉన్నారు.

ఇక ఆ 1841 తరువాతి చరిత్రనైనను మనము కాపాడుకొనుచున్నామా? బందరులో డచ్చివారి సమాధులను పురావస్తు శాఖ కాపాడుచున్నది. 1843లో పాఠశాల పెట్టి, 1865లో బందరులోనే కన్నుమూసిన రాబర్ట్ నోబుల్‌గారి పేరు కళాశాల పేరుగా నిలిచినది. అయితే మన పల్లెల సంఘములను కట్టినవారి మాటేమిటి? మేము ఒక సంఘమునకు బదిలీపై వెళ్లేనాటికి అక్కడి పాత పెంకుల గుడిని విప్పి, శ్లాబు వేసిన కొత్త గుడి కట్టియున్నారు. చక్కని కట్టడమే. పాత గుడి పునాదిరాయి ఏదని అడిగితే ఎవరికిని తెలియలేదు. కొద్ది నెలల తరువాత ఒక ముసలమ్మగారు చేతిపంపు దగ్గరకు తీసికొనిపోయి, బట్టలుతుకు బండను చూపించారు. "ఇదేనయ్యగారూ. దీని మీద మా మావగారి పేరుందండి. నాకు చదువు రాదు గాని, ఆయన నా వేలు పట్టుకొని ఆ అక్షరాలమీద తిప్పేవోరు" అన్నారు. నీళ్లుపోసి కడిగి చూచాము. సబ్బు, బట్టల దెబ్బలు తగిలి సంవత్సరము అరిగిపోయినది. రెండు పేర్లు చదువవీలైనది. మూడవదానిలో సగమే మిగిలినది.

ఆ సగము పేరు ఎవరిదో చెప్పగలవారు ఆ ఊరిలో లేరు.

యొర్దానులోనుండి తీసిన పన్నెండు రాళ్ల సంగతి ఆదివార బడి పిల్లలు కూడ చెప్పుదురు. పిల్లలు అడుగుదురని తెలిసియే ఆ రాళ్లను నిలువబెట్టారు. అడుగుటకు రాయి ఉండవలెను, చెప్పుటకు పెద్దలు ఉండవలెను. రెండింటిలో ఏది లేకపోయినను లాభము లేదు.

ఆ బండను తెచ్చి కొత్త గుడి వరండా గోడలో పెట్టించాము. అంతటితో పని కాలేదు. ఆ ముసలమ్మగారే ఇంకొక మాట అన్నారు. "గుడి కట్టేటప్పుడు ఆడోళ్లం పూట పూటా గుప్పెడు బియ్యం తీసిపెట్టామండి. మా పేర్లు ఏ రాయిమీద ఉన్నాయండి?" బోధిసిరికి మండపము కట్టించు ధనము ఉన్నది గనుక శాసనము వేయించుకొన్నది. గుప్పెడు బియ్యమునకు శాసనము ఎవరు వేయుదురు?

అందుచేత ఒక లావుపాటి నోటుపుస్తకము కొని యౌవనస్థులకు అప్పగించాము. వారు ఇల్లిల్లు తిరిగి పెద్దలను అడిగి వ్రాశారు. ఎవరు స్థలమిచ్చారు, ఎవరు మట్టి మోశారు, ఏ వరదకు ఎక్కడ తలదాచుకొన్నారు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఎవరిని పోగొట్టుకొన్నారు, ఇవన్నియు వ్రాశారు. ఆ ఉప్పెనలో మనుష్యులతోపాటు ఎన్నో ఇండ్ల కాగితములు కూడ కొట్టుకొనిపోయినవి గనుక పెద్దల జ్ఞాపకమే మనకు మిగిలిన దస్తావేజు. అవనిగడ్డలో ఉప్పెన మృతులకు స్మారక స్తూపము నిలిపారు. స్తూపముమీద అందరి పేర్లు పట్టవు. పుస్తకములో పట్టును.

ప్రియ పాఠకులారా, మీ ఊరు కూడ చిన్నదే కావచ్చును. ఘంటసాలయు చిన్న ఊరే. వీలు చూచుకొని పిల్లలను అక్కడికి తీసికొనిపోయి చూపించండి. ఒక పూట చాలును, ఖర్చు కూడ పెద్దగా కాదు. ఇంటికి వచ్చిన తరువాత మీ సంఘములో ఎనుబది దాటినవారు ఎవరున్నారో చూడండి. ఒక పుస్తకము, ఒక కలము తీసికొని వారి మంచము ప్రక్కన కూర్చుండండి. ముందుగా వారి తల్లి పేరు అడగండి. చాలామంది అమ్మమ్మల పేర్లు ఇంటివారికే తెలియవు. ఆ పని వచ్చే పండుగ వరకు వాయిదా వేయవద్దు. మాకు పునాదిరాయిని చూపించిన ముసలమ్మగారు ఆ పుస్తకము సగము నిండకముందే ప్రభువు నొద్దకు పోయారు. ఆమె పేరు మాత్రము మొదటి పుటలో ఉన్నది.