కొండ దిగివచ్చిన చెంచాలు

కావలిలో ఉదయగిరి బస్సు ఎక్కితే వింజమూరు దాటాక దుత్తలూరు వస్తుంది. దుత్త అంటే పాలో మజ్జిగో పోసుకునే చిన్న కుండ. ఆ ఊరి పేరు వినగానే నాకు చల్ల గుర్తుకొచ్చి దాహం వేసింది! ఇదంతా మెట్ట నేల, వానలు తక్కువ. దుత్తలూరు దాటి పోతూ వుంటే ఉదయగిరి దుర్గం కొండ అంతకంతకూ పెద్దదవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి, 1514లో గజపతులనుంచి గెలుచుకున్న కోట దానిమీదనే వున్నది.

కాని నేను వెళ్ళింది కోటకోసం కాదు, చెంచాలకోసం.

ఉదయగిరిలో కొన్ని కుటుంబాలవారు తరతరాలుగా కొయ్యతో చెంచాలూ, గరిటెలూ, ఫోర్కులూ చేస్తున్నారు. నర్ది, కల్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలు వాడతారు. అవి ఆ చుట్టుపక్కల అడవులలోనివే. కర్రను ముక్కలుగా కోసి, చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. పిడిమీద సన్నని లతలూ పూవులూ తీరుస్తారు. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే, మరో చోట చేసిన చెంచాను ఉదయగిరి చెంచా అని అమ్మకూడదన్నమాట.

ఇంత నేర్పు వుంటే చాలదా? చాలదు. కర్ర అడవిది, అడవిమీద అధికారం అటవీశాఖది. కొనేవాడు ఎక్కడో హైదరాబాదులో వుంటాడు, లేదా పైదేశంలో. అతను, "వంద చెంచాలు వెంటనే కావాలి, ధర తగ్గించు," అన్నాడనుకోండి. తొందరలో చెట్టును మొదలంటా నరకవలసి వస్తుంది. మరుసటి ఏడు కర్రకోసం ఇంకా దూరం నడవాలి. కూలి పెరుగుతుంది, లాభం తరుగుతుంది. అలాకాక, "ఈ కర్ర ఎలా తెచ్చారు?" అని అడిగి, గిట్టే ధరా, తగిన గడువూ ఇచ్చే వ్యాపారి దొరికితే కొమ్మలు మాత్రమే కోసుకోవచ్చు. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. బేరమాడేవాళ్ళకు ఈ సంగతి తట్టదు. నాకు మాత్రం ఎన్నడు తట్టింది గనక!

2022 జూలై 1నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలనూ ఫోర్కులనూ నిషేధించారు. ఢిల్లీలో చేసిన ఆ నిబంధన కొయ్యచెంచాకు కొత్త దారి చూపింది. అయితే ఒక్క పూట తిని పారేయటానికి బిక్కి చెట్టును కొట్టటం తెలివైన పనేనా? ఉదయగిరి చెంచా ఏళ్ళ తరబడి వాడుకోదగినది.

నేనొక గరిటె కొన్నాను. ఈసారి బేరమాడలేదు. తిరుగు బస్సు దుత్తలూరులో ఆగినప్పుడు ఒక కుర్రవాడు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. గరిటె అందుకుని వాసన చూసి, "ఇది ఏ చెట్టుదండీ?" అని అడిగాడు.

ఆ మాట అడగటం నేను మరిచేపోయాను.