మోకాళ్ల మీద రాజు, వెనక కత్తి

ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ సాహిత్యం తీసుకున్న పిల్లల్లో చాలామంది 'హామ్లెట్' చదువుతారు. మా అమ్మాయికీ అదే వచ్చింది. మూడో అంకం మూడో రంగం దగ్గర పుస్తకం మూసి, "దొరికాడు కదా నాన్నా, ఎందుకు వదిలేశాడు?" అని అడిగింది. హామ్లెట్ ఆలోచన ఎక్కువైన మనిషి, ఏదీ తేల్చుకోలేడు అన్నది బడిలో చెప్పే జవాబు. అది నాకు ఏనాడూ చాలలేదు.

క్లాడియస్ తన తోడబుట్టినవాడైన హామ్లెట్ తండ్రి చెవిలో విషం పోసి చంపి డెన్మార్క్ సింహాసనాన్నీ, రాణినీ దక్కించుకున్నాడు. హామ్లెట్ అదే హత్యను నటుల చేత సభలో ఆడిస్తే చూడలేక లేచిపోయాడు. ఇక సందేహం లేదు. కాసేపటికే ఆ రాజు ఒంటరిగా, మోకాళ్ల మీద ప్రార్థనలో కనబడ్డాడు. హామ్లెట్ చేతిలో కత్తి ఉంది. కానీ ఇప్పుడు చంపితే వీడు నేరుగా స్వర్గానికి పోతాడే! తన తండ్రి నిద్రలో, పాపాలు ఒప్పుకునే వ్యవధైనా లేకుండా పోయాడు. కాబట్టి వీడు తాగి ఉన్నప్పుడో, జూదంలో ఉన్నప్పుడో చంపాలి, నరకానికే పంపాలి అనుకుని వెళ్లిపోతాడు.

ఈ మాటలు చదవడానికీ పలకడానికీ కూడా మరీ ఘోరమైనవని శామ్యూల్ జాన్సన్ తన 1765 షేక్‌స్పియర్ ప్రచురణలో రాశాడు. తర్వాత కోల్‌రిడ్జ్ వంటి విమర్శకులు అది వాయిదాకి వెతుక్కున్న సాకేనన్నారు. నేను జాన్సన్ మాటే నమ్ముతాను. నాటకం మొత్తంలో హామ్లెట్ అత్యంత క్రూరంగా ఉన్నది కత్తి దించిన ఈ క్షణంలోనే. ప్రాణం తీస్తే అతనికి చాలదు, ఆత్మ కూడా కావాలి.

ఇది మా అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పడానికి నేను మహాభారతంలోని సౌప్తిక పర్వానికి వెళ్లాను. అశ్వత్థామ అంటే తనకి 'కల్కి' సినిమాలో అమితాబ్ బచ్చనే. అసలు కథ చెప్పాను. అస్త్రాలు వదిలేసి, రథం మీద యోగంలో కూర్చున్న ద్రోణుడి తల ధృష్టద్యుమ్నుడు నరికాడు. హామ్లెట్ చెయ్యనన్న పని అదే. అందుకు పగ తీర్చుకోవడానికి ద్రోణుడి కొడుకు అర్ధరాత్రి శిబిరంలోకి దూరాడు. "ఆయుధంతో చంపు, పుణ్యలోకాలకి పోతాను" అని ధృష్టద్యుమ్నుడు ప్రాధేయపడ్డాడు. గురువుని చంపినవాడికి ఆ లోకాలు లేవంటూ అశ్వత్థామ కాళ్లతో తన్ని తన్ని చంపాడు. ఇతనూ తండ్రి కోసమే పగబట్టిన కొడుకు. ఇతనికీ శత్రువు చావడం చాలలేదు. అంతా విని తను మళ్లీ పుస్తకం తెరిచింది.

హామ్లెట్‌కి తెలియనిది ప్రేక్షకులకి తెలుసు. అతను రాకముందే క్లాడియస్ గుండె విప్పి మాట్లాడాడు. హత్య చేసి సంపాదించిన కిరీటం, రాణి తన దగ్గరే ఉండగా క్షమాపణ ఎలా అడగనని కుమిలిపోయాడు. హామ్లెట్ వెళ్లాక లేచి, తన ప్రార్థన పైకి చేరలేదని తనే ఒప్పుకుంటాడు. అంటే అప్పుడు చంపి ఉంటే, హామ్లెట్ లెక్క ప్రకారమే, ఆ ఆత్మ నరకానికి పోయేది.

ఆ వెంటనే తల్లి గదిలో తెర వెనక అలికిడి వింటాడు. అక్కడున్నది రాజేననుకుని పొడిచేస్తాడు. ఈసారి తెర వెనక మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్న విచారణే లేదు. చచ్చింది రాజు సలహాదారు పొలోనియస్. అతని కూతురు ఒఫీలియా మతి చెదిరి నీళ్లలో మునిగిపోతుంది. కొడుకు లేయర్టీస్ పగతో తిరిగొస్తాడు. ఇప్పుడు తండ్రి కోసం పగబట్టిన కొడుకులు ఇద్దరు.

నాలుగో అంకంలో క్లాడియస్ లేయర్టీస్‌ని, నీ తండ్రి కొడుకువని ఏం చేసి చూపిస్తావని అడుగుతాడు. చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానంటాడు లేయర్టీస్. పగకి హద్దులుండకూడదని మెచ్చుకుంటాడు క్లాడియస్. మోకాళ్ల మీద ఉన్నాడు కాబట్టే ఆ రాత్రి ప్రాణాలతో బయటపడ్డవాడు అతను. ఆ సంగతి అతనికి చివరిదాకా తెలియదు.