ఆ ఇంట్లో రెండు ముసుగులు

ఫ్లోరెన్స్‌ వెళ్లినవాళ్లు ముందుగా పరుగెత్తేది డేవిడ్‌ విగ్రహం దగ్గరికే. అక్కడ జనం బారులు తీరి ఉంటారు. అదే ఊళ్లో, శాంటా క్రోచె చర్చికి దగ్గర్లో, గిబెల్లీనా వీధిలో ఓ పాత ఇల్లుంది. పేరు కాసా బ్వొనరోటి. అంటే బ్వొనరోటి వాళ్ల ఇల్లని అర్థం. డేవిడ్‌ని చెక్కిన మైకెలాంజెలో ఇంటిపేరు అదే. చర్చిలో ఆయన సమాధి ఉంది. ఈ ఇంట్లోనేమో, ఆయన మనసు గురించి నాలుగు శతాబ్దాలుగా నలుగుతున్న ఓ ప్రశ్న ఉంది.

1508లో మైకెలాంజెలో ఇక్కడ స్థలం, ఇళ్లు కొన్నాడు. ఆయన జీవితం ఎక్కువగా గడిచింది మాత్రం రోమ్‌లోనే. ఈ ఇంటిని ఆయన స్మారకంగా తీర్చిదిద్దింది తమ్ముడి మనవడు. అతడి పేరూ మైకెలాంజెలోనే! కవి, నాటక రచయిత. 1859 నుంచి ఇది మ్యూజియం. మెట్ల మడోన్నా, సెంటార్ల యుద్ధం... శిల్పి కుర్రతనంలో చెక్కిన ఈ రెండు పాలరాతి ఫలకాలనూ ఇక్కడే చూడొచ్చు.

పైకప్పు మీద...

పెద్ద హాల్లోకి అడుగుపెట్టాక తలెత్తి చూడాలి. పైకప్పు నిండా చిత్రాలే. వాటిలో ఒకటి ఆర్టెమీసియా జెంటిలెస్కి 1616లో గీసింది. చేతిలో దిక్సూచితో మేఘం మీద కూర్చున్న యువతి. ఆర్టెమీసియా గీసినప్పుడు ఆమె ఒంటిమీద బట్టల్లేవు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఆ వంశంలోనివాళ్లకే అది ఇబ్బందిగా తోచింది. మరో చిత్రకారుణ్ని పిలిపించి బట్ట కప్పినట్టు రంగు వేయించారు. 2022లో మొదలైన పునరుద్ధరణలో నిపుణులు పరికరాలతో లోపలి పొరల్ని పరిశీలించి, అసలు రూపం ఎలా ఉండేదో కంప్యూటర్‌ బొమ్మగా చూపించారు. ఆ ముసుగును మాత్రం చెరపలేదు. చెరిపితే అడుగున ఉన్న చిత్రం దెబ్బతినొచ్చు. పైగా ఆ ముసుగు కూడా ఇప్పుడు చరిత్రే!

అక్షరాల మీద...

రెండో ముసుగు కంటికి కనిపించదు. మైకెలాంజెలో శిల్పే కాదు, కవి కూడా. మూడొందల వరకూ కవితలు రాశాడు. 1532లో, 57 ఏళ్ల వయసులో రోమ్‌లో ఆయనకు తొమ్మాసో దె కవాలియెరి అనే యువకుడు పరిచయమయ్యాడు. అతడికి ప్రేమతో నిండిన కవితలు, ఉత్తరాలు రాశాడు. అపురూపమైన బొమ్మలు గీసి కానుకగా పంపాడు. 1564లో ఆయన కన్నుమూసేటప్పుడు దగ్గరున్నవాళ్లలో తొమ్మాసో ఒకడు.

ఆ కవితల్ని 1623లో అచ్చువేయించింది ఇంటిని తీర్చిదిద్దిన ఆ మనవడే. అయితే మగవాణ్ని ఉద్దేశించిన పదాలు కొన్నిచోట్ల స్త్రీలింగంలోకి మారిపోయాయి. తొమ్మాసో ఇంటిపేరుకు ఇటాలియన్‌లో ‘అశ్వికుడు’ అన్న అర్థమూ వస్తుంది. ఆ పేరు మీద శ్లేష కట్టిన చోట ఆ మాటే మాయమైంది. పాఠకులు రెండు శతాబ్దాలకు పైగా ఆ రూపాన్నే చదువుకున్నారు. 1863లో చెజారె గ్వాస్తి రాతప్రతుల్ని చూసి అసలు పాఠాన్ని అచ్చువేయించాకే సంగతి బయటపడింది. ఇంగ్లండుకు చెందిన జాన్‌ ఆడింగ్టన్‌ సైమండ్స్‌ 1878లో ఆ అసలు పాఠం నుంచే సానెట్లను అనువదించాడు. ఈ కుటుంబ పత్రాలను పరిశీలించి 1893లో జీవితచరిత్ర తెచ్చాడు. మగవాళ్ల పట్ల తనకున్న ప్రేమ గురించి సైమండ్స్‌ రాసుకున్న జ్ఞాపకాలు మాత్రం 1984 దాకా అచ్చుకాలేదు.

ఎవరి మాటకు ఎంత విలువ?

మరి మైకెలాంజెలో స్వలింగ ప్రేమికుడేనా? జీవితచరిత్రకారుడు ఇక్కడే ఆగి ఆలోచించాలి. పెళ్లి చేసుకోకపోవడం ఆధారం కాదు. 1545లో పియెత్రో అరెటీనో అనే రచయిత ఓ ఉత్తరంలో ఎత్తిపొడిచాడు. కానీ అడిగిన బొమ్మలు ఇవ్వలేదన్న కోపం అతడిది. 1553లో కొండివి రాసిన జీవితచరిత్రలో గురువు నోట చెడ్డమాటే వినలేదని ఉంది. అది గురువు కనుసన్నల్లో రాసిన పుస్తకం. ఒకరిది పగ, మరొకరిది భక్తి. రెండింటినీ అలా తూచే చదవాలి.

అప్పటి భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఫ్లోరెన్స్‌లో 1432 నుంచి 1502 దాకా మగవాళ్ల మధ్య సంబంధాలను విచారించడానికి ప్రత్యేకంగా అధికారులుండేవారు. పేరు రాయకుండా ఎవరైనా ఫిర్యాదు వేయొచ్చు. 1476లో లియొనార్డో డావిన్చీ మీదా అలాంటి ఆకాశరామన్న ఫిర్యాదే పడింది. తర్వాత అది కొట్టివేతకు గురైంది. అభియోగం వచ్చిందన్నది నిజం. అది రుజువైందంటే అబద్ధం!

మైకెలాంజెలో విషయంలో గట్టిగా నిలిచేది ఆయన చేతిరాతే. ఒక యువకుణ్ని ఆయన గాఢంగా ప్రేమించాడని అది చెబుతుంది. ఆ ప్రేమ మనసు దాటి వెళ్లిందా అంటే కాగితాలు మౌనమే. ఆయన స్నేహితురాలు, కవయిత్రి విత్తోరియా కొలొన్నాకు రాసిన కవితలూ ఉన్నాయి. వాటినీ పక్కన పెట్టి చదవాల్సిందే. మన కాలపు పేర్లు ఆ కాలపు మనిషికి సరిగ్గా అతకకపోవచ్చు కూడా.

పరువు కోసమే అనుకుని ఓ మనవడు తాతగారి మాటలు మార్చాడు. మార్చినా రాతప్రతుల్ని మాత్రం చించెయ్యలేదు. అందుకే నిజం మిగిలింది. ఫ్లోరెన్స్‌ వెళ్తే డేవిడ్‌ని చూశాక గిబెల్లీనా వీధిలోకీ ఓసారి వెళ్లండి. ఆ హాల్లో తలెత్తినప్పుడు, పైన వేసిన రంగును కూడా గమనించండి.