రాత్రి లేస్తే ఎన్ని అడుగులు?

ప్రయాణమనగానే మన ఆడవాళ్ళలో చాలామంది మొదట చేసే పని ఏమిటో చెప్పనా? మంచినీళ్ళు తాగడం తగ్గించడం. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట మనకి వసతి ఉంటుందో ఉండదో అని పొద్దుటినుంచే గొంతు తడుపుకోవడంతో సరిపెట్టుకుంటాం. ఈ మాట మగవాళ్ళకి చెప్పం. ఒకరికొకరం కూడా చెప్పుకోం. నేనూ అలా పెరిగినదాన్నే. అయినా ఆ సంగతి మరిచిపోయి మా అత్తయ్యగారి విషయంలో పెద్ద పొరపాటు చేశాను. అది మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మేముండేది ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో. మామయ్యగారు పోయిన ఏడాదికి, 2018లో, అత్తయ్యగారిని అమలాపురం దగ్గరి మా ఊరి నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. అప్పటికి ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవారు. కిటికీ దగ్గర కుర్చీ, చేతిలో జపమాల, అంతే. జులైలో పిల్లలకి సెలవులిస్తే, ఉత్తరాన సముద్రమూ అడవీ పక్కపక్కనే ఉన్న చోటు చూపిద్దామన్నారు మావారు. హోటళ్ళలో ఎనిమిది రాత్రులంటే మాకు తూగదు. అందుకని కారవాన్ పార్కుల్లో గుడారం వేసుకుందామని నిర్ణయించాం.

కారవాన్ పార్కు అంటే మన సత్రం లాంటిదనుకోండి. అయితే గది ఇవ్వరు, జాగా ఇస్తారు. అందులో మన బండి పెట్టుకోవచ్చు, గుడారం వేసుకోవచ్చు. కాస్త ఎక్కువ ఇస్తే కరెంటు ప్లగ్గు ఉన్న జాగా, ఇంకా ఎక్కువ ఇస్తే చిన్న కేబిన్. స్నానాలగదులు, దొడ్లు, బట్టలుతికే మిషన్లు, వంట వసారా అందరికీ కలిపి ఒకచోట ఉంటాయి. ఎంపిక బాధ్యత నాది. నేనేం చేశానంటే, అన్నీ ఫొటోలు చూసి ఎంచాను! కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, గుడారం తలుపు తీస్తే సముద్రం. మొదటి మజిలీకి మిషన్ బీచ్‌లో సరిగ్గా అలాంటి జాగాయే దొరికింది. 'సముద్రానికి మొదటి వరస' అని పదిమందికి ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా.

కెయిర్న్స్ దాకా విమానం, అక్కడ అద్దె కారు, అద్దె గుడారం. (గ్యాస్ స్టవ్వు డబ్బాలు విమానంలో రానివ్వరు, దిగాక కొనుక్కోవాలి.) అక్కడినుంచి దక్షిణంగా రెండు గంటల దారి. దారంతా చెరకు తోటలు, అరటి తోటలు. చెరకు మోసుకుపోయే బుల్లి రైలు చూసి "మన తణుకు వైపు వచ్చినట్టుందే!" అన్నారు అత్తయ్యగారు. ఏడాదిలో ఆవిడ అంత హుషారుగా మాట్లాడటం అదే మొదలు. టల్లీ అనే ఊళ్ళో ఏడు మీటర్ల తొంభై సెంటీమీటర్ల ఎత్తున బంగారురంగు బూటు బొమ్మ నిలబెట్టారు. 1950లో ఆ ఊళ్ళో కురిసిన వాన ఎత్తు అదిట! పిల్లలతోపాటు ఆవిడా నవ్వారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

గుడారం వేయబోతుంటే ఆవిడే ఆపారు. "కొబ్బరిచెట్టు కింద పక్కలు వేస్తారుటే ఎవరైనా? కాయ రాలితే?" కోనసీమ మనిషి కదా! నిజమే, ఫొటోలో అందంగా కనపడింది ఆ చెట్టే. నాలుగడుగులు ఇవతలికి జరిపాం. ఆ ఒక్క సలహాతో ఆగి, ఇంకా ఏమైనా ఇబ్బంది ఉందా అని ఆవిడని అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగలేదు. పులిహోర కలపడంలోనూ, మజ్జిగ మిరపకాయలు వేయించడంలోనూ పడిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒడ్డున నడుస్తూ ఆవిడ కళ్ళు తిరిగి కూలబడ్డారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఊళ్ళోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నారు, మూత్రంలో చీము కూడా ఉందన్నారు. నేను తెల్లబోయాను. బయటికి వచ్చాక కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆవిడ నెమ్మదిగా చెప్పారు. "నీళ్ళు తాగితే రాత్రి లేవాలి కదమ్మాయ్. ఆ చీకట్లో, వేళ్ళు తేలిన దారిలో అంతదూరం నేను నడవలేను. నిన్ను లేపుదామంటే పగలల్లా చాకిరీ చేసి పడుకున్నావు. అందుకని నిన్న పొద్దున్నుంచీ తగ్గించాను."

ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని లెక్కపెట్టాను. మా గుడారం నుంచి దొడ్డికి రెండువందల పది అడుగులు. సముద్రానికి నలభై. నేను నలభై అడుగులే చూసి మురిసిపోయాను, మిగతావి ఆవిడ ఒంటి మీద పడ్డాయి.

ఇంటికి తిరిగిపోదామన్నారు మావారు. నేనూ సరేనన్నాను, సిగ్గుతో. అప్పుడు అత్తయ్యగారు అన్న మాట వినండి. "తీసుకొచ్చేటప్పుడు నన్నడగలేదు, తీసుకెళ్ళేటప్పుడూ అడగరా? నాకు దొడ్డి దగ్గరుంటే చాలు. అడవి దగ్గరగా ఉన్నా నాకేం భయం లేదు."

మర్నాడంతా అక్కడే ఆవిడకి విశ్రాంతి. మందులు వేసి, గంట గంటకీ నీళ్ళు తాగించాను. రాత్రి నేనే తోడు లేచాను. ఆ ఖాళీలో మిగిలిన రెండు పార్కులకీ మళ్ళీ ఫోన్లు చేశాను. ఈసారి సముద్రం సంగతి ఎత్తలేదు. ఏమడిగానో చెబుతాను, మీరు ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది.

మా జాగా నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులు? దారిలో దీపాలు రాత్రంతా వెలుగుతాయా? మెట్లున్నాయా? పట్టుకునేందుకు కమ్మీ ఉన్న గది ఉందా, దాని తాళంచెవి ఇస్తారా? వంట వసారా ఎంత దూరం? అక్కడ అందరూ మాంసం కాల్చుకుంటారు, ఆ పొగ శాకాహారులకి పడదు. కాబట్టి మన సొంత పొయ్యి జాగాలో వెలిగించుకోవచ్చా? నేల పల్లమా, మెరకా? మడ అడవికి ఆనుకుని ఉందా? ఉంటే కంటికి కనపడని ఇసుక దోమలు ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తాయి.

పోర్ట్ డగ్లస్ దగ్గరి పార్కులో ఫోనెత్తినావిడ నా మొదటి ప్రశ్నకి నవ్వి, "ఉండండి" అని వెళ్ళి, నిజంగానే నడిచి వచ్చి "ముప్ఫయి రెండు" అంది! ఆ జాగా ఎవరూ తీసుకోరుట. దొడ్డి దీపం వెలుగు పడుతుందని, వచ్చేపోయేవాళ్ళ సందడని. మాకు కావలసిందే అది. అత్తయ్యగారు గుడారం ముందు మడత కుర్చీలో, వెనకటి మా ఊరి అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నారు. స్నానానికి వెళ్ళే ప్రతి ఆడమనిషీ పలకరించేది. ఒకావిడ మోకాళ్ళకి రాసుకునే మందు ఇచ్చింది. ఈవిడ ఆవిడకి కందిపొడి రుచి చూపించారు. ఇంగ్లీషు ఎవరికి కావాలి చెప్పండి?

అక్కడే ఒక రాత్రి పసిపిల్ల గొంతు చించుకుని ఏడ్చినట్టు కేకలు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. దయ్యం కాదుట, బుష్ స్టోన్ కర్లూ అనే సన్నకాళ్ళ పక్షిట. పొద్దున్న చూస్తే మా గుడారం పక్కనే ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది!

ఇక ఆఖరి మజిలీ కేప్ ట్రిబ్యులేషన్. డెయిన్‌ట్రీ నది దగ్గర కారుతో సహా పంటు ఎక్కాలి, ఇనప తాళ్ళ మీద నడుస్తుంది అది. గోదావరి పంటు ఎక్కినట్టే ఉందని అత్తయ్యగారు నదికి దణ్ణం పెట్టారు. నది దాటాక మేం వెళ్ళిన రోజుల్లో ఊరి కరెంటు తీగలు లేవు. సోలారూ జనరేటర్లే. సెల్‌ఫోను కూడా చాలాచోట్ల పలకదు. అందుకని మందులు, పిండి, పెట్రోలు ఇవతలే చూసుకోవాలి.

అక్కడి వానల అడవి పదికోట్ల ఏళ్ళకి పైబడినదంటారు. 1988లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. అది వచ్చి వచ్చి ఇసుక దాకా వస్తుంది, ఎదురుగా పగడాల దిబ్బల సముద్రం. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఇక్కడికి దగ్గర్లోనే దిబ్బకి కొట్టుకుంది. తన కష్టాలు ఇక్కడే మొదలయ్యాయని ఆ చోటికి కష్టాల పేరే పెట్టాడు. అంతకు ఎన్నో వేల ఏళ్ళనుంచీ ఆ నేల కుకు యలాంజి ప్రజలది. 2021లో ఆ నేషనల్ పార్కుని ప్రభుత్వం వాళ్ళకే తిరిగి అప్పగించింది.

అడవిలో జాగా ఎంచడం వేరే విద్య. చెట్ల కింద ఎండ పడదు కాబట్టి ఉతికిన బట్టలు ఆరవు, ఎండతో చార్జీ అయ్యే లాంతరు వెలగదు. కంకర పోసిన మెరక నేల అడిగి తీసుకోండి. ఎండుకొమ్మ కింద గుడారం వేయకండి. తెల్లతోక ఎలుకలుంటాయి, కొబ్బరికాయనే కొరికి తొలుస్తాయి. తిండి సామానంతా రాత్రికి కారులో పెట్టి తాళం వేయాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం మొసళ్ళు. నీటి అంచుకి కనీసం యాభై మీటర్ల దూరం, రెండు మీటర్ల ఎత్తు ఉంటేనే పడుకోవాలని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. గిన్నెలు వాగులో కడగడం అసలు కుదరదు. నవంబరు నుంచి మే దాకా సముద్రంలో విషపు జెల్లీ చేపలు కూడా ఉంటాయి. వానలూ అప్పుడే. అందుకే మే తర్వాత, అక్టోబరులోపు వెళ్ళడం మంచిది. 2023 డిసెంబరులో జాస్పర్ తుఫానుకి ఆ రోడ్లు కొట్టుకుపోయాయి. కాబట్టి బయల్దేరేముందు దారి తెరిచే ఉందా అని ఫోన్ చేసి కనుక్కోవాలి.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్క కాసోవరీ కనపడింది. మనిషంత ఎత్తు పక్షి, నీలం మెడ, వెనక మూడు పిల్లలు. దాని దగ్గరికి పోకూడదు, కాలితో చీల్చేస్తుంది. కారు అద్దాలు ఎత్తి చూశాం. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందిట. పొదగడం, పెంచడం అంతా మగపక్షేనని మా అమ్మాయి చదివి చెప్పింది. "విన్నావురా?" అన్నారు అత్తయ్యగారు వాళ్ళబ్బాయితో. మావారు కిమ్మనకుండా బండి నడిపారు.

మరొక చిన్న మాట. అక్కడి దొడ్లలో కాగితమే ఉంటుంది. మన ప్లాస్టిక్ మగ్గు, జారని రబ్బరు చెప్పులు, పొడి బట్టలు తగిలించుకునే సంచీ మరవకండి. నవ్వకండి, ఆ మగ్గు విలువ అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

అత్తయ్యగారు ఇప్పుడు మా ఊళ్ళోనే ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ నదినీ, ఏడ్చే పక్షినీ తలుచుకుంటారు. మొదటి పార్కు ఊసు మాత్రం ఎత్తరు. ఎత్తకపోవడం ఆవిడ పెద్దతనం. ఇక్కడి మనవాళ్ళు సెలవులకి ముందు నాకు ఫోన్ చేసి "ఏ పార్కు బాగుంటుందండీ?" అని అడుగుతూంటారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను, "మీతో ఎవరెవరు వస్తున్నారు?" అని. పెద్దవాళ్ళు గానీ, నెలలు నిండుతున్న అమ్మాయి గానీ, పసిపిల్లలు గానీ ఉంటే, వాళ్ళకి పనికొచ్చేదే మంచి పార్కు.

మీరూ ఈసారి తీర్థయాత్రకో, పెళ్ళికో బయల్దేరేముందు ఇంట్లో పెద్దావిడని పక్కకి పిలిచి, "నీళ్ళు తాగుతున్నారా?" అని ఒక్కసారి అడిగి చూడండి. మొదట "ఆఁ, ఆఁ" అనే అంటారు. రెండోసారి అడగండి.