గడులలో తెరచాప

మా కృష్ణపట్నపు తీరమున ఉన్నితో పనియే లేదు. అయినను చలిదేశమందున్న మనుమనికి మేము మా రేవు పడవను స్వెట్టరుపై నల్లి పంపఁదలఁచితిమి. కంప్యూటరులో స్ప్రెడ్‌షీటు తెఱచి, గడికొక కుట్టు చొప్పున చతురస్రపు గడులలో రంగులు నింపితిమి. అల్లి చూడఁగా తెరచాప అణఁగిపోయెను! అల్లిక కుట్టునకు ఎత్తు తక్కువ, వెడల్పెక్కువ గదా. పిమ్మట తునుక యొకటి యల్లి కొలువఁగా, 10 సెంటీమీటర్లకు 20 కుట్లు, 28 వరుసలు తేలినవి. కావున గడి వెడల్పు 28, ఎత్తు 20 పిక్సెళ్లుగా మార్చి పడవను మరల గీసితిమి. క్రిందినుండి మొదలిడి, ముందరి వరుసలను కుడినుండియు, వెనుకటి వరుసలను ఎడమనుండియుఁ జదువుచు నల్లితిమి. మీరును ముందు తునుకను గొలిచి, పిమ్మట గడులు గీయుఁడు. మా రేవు నెన్నఁడును జూడని బాలుని ఱొమ్మున నేఁడు తెరచాప నిటారుగా నిలిచియున్నది.