సోమవారం ముచ్చట

పోయిన వారం రాస్తానన్న విషయం పక్కన పెడుతున్నా. ఆదివారం రాత్రి మా ఇంట్లో ఒక రబ్బరు గొడవ జరిగింది. రబ్బరంటే పెన్సిల్ రాత చెరిపే రబ్బరే. అది చెప్పకుండా ఇంకేం రాసినా దొంగరాతే అవుతుంది.

మా పాప మూడో తరగతి. వాళ్ల క్లాసులో సోమవారం మొదటి పీరియడ్ ఇంటి కబుర్లు. ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో నాలుగు వాక్యాలు రాసుకొచ్చి అందరి ముందూ చదవాలి. ఒకరికి తమ్ముడు పుట్టాడు. ఒకరి నానమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఒకరింటికి కొత్త బండి వచ్చింది. పిల్లలకు ఒకరి ఇల్లు ఇంకొకరికి తెలుస్తుంది. మంచి పద్ధతే.

ఆ శనివారం మేమంతా నుమాయిష్‌కు పోయి వచ్చాం. పాప ఇలా రాసుకుంది: "మేము నుమాయిష్‌కి వెళ్ళాము. అమ్మమ్మ కూడా వచ్చింది. అమ్మమ్మ ఇంతకుముందు రాత్రిళ్ళు నుమాయిష్ ఊడ్చేది. అందుకే అమ్మమ్మకు అన్ని దారులూ తెలుసు."

నాలుగో వాక్యం ఎంత బాగా రాసింది అనుకున్నాను. అనుకుంటూనే రబ్బరు తీసి మూడో వాక్యం చెరిపేశాను. "నుమాయిష్‌లో పనిచేసేది అని రాయి" అన్నాను.

"ఏం పని అని మిస్ అడిగితే?" అంది పాప.

నా దగ్గర జవాబు లేదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. డిగ్రీ పిల్లలకు దళిత సాహిత్యం పాఠం చెప్తాను. "మీ ఇంట్లో ఏది దాచుకున్నారో అదే రాయండి" అని ఏటా ఒక బ్యాచ్‌కు చెప్తాను. నా చేతిలో రబ్బరుంది.

ఈ రబ్బరు నాకు కొత్త కాదు. 1996 జనవరిలో నేనూ మూడో తరగతే. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక సర్కారు బడి. స్టేషన్లో రైలు కూత పెడితే టీచర్ పాఠం ఆపేది, కూత ఆగాక మళ్లీ అందుకునేది. సోమవారం పొద్దున ప్రార్థన కాగానే "ఆదివారం ఏం చేశారు?" అని ఒక్కొక్కరినీ లేపేది. అందులో మంచి వార్తను బోర్డు మీద రాయించేది. శనివారం బాలసభ దాకా అది అట్లనే ఉండేది. వారమంతా బోర్డు మీద ఒకరి ఇల్లు.

జనవరి వచ్చిందంటే అన్నీ నుమాయిష్ వార్తలే. జెయింట్ వీల్, మిర్చి బజ్జీ, కశ్మీరోళ్ల శాలువాలు. నా వంతు వచ్చింది. "మేం గూడ పోయినం టీచర్. జెయింట్ వీల్ ఎక్కిన" అన్నాను. "టికెట్ ఎంత?" అని అడిగింది. ఆమె ఊరికే అడిగింది, పరీక్ష పెట్టడానికి కాదు. నాకు తెలియదు. "రూపాయి" అన్నాను. క్లాసంతా నవ్వింది. "కూర్చో" అంది టీచర్.

నేను అబద్ధం చెప్పాను, కానీ పోయిన మాట నిజం. ఆదివారమే కాదు, ఆ నెలంతా పోయాను. జనం బయటికొచ్చి గేట్లు మూసినంక అమ్మ చీపురు పట్టుకుని లోపలికి పోయేది. నాయన లేడు. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి పోలేక వెంట తీసుకుపోయేది. ఒక షాపు ముందు అట్టపెట్టె విప్పి పరిచి, స్కార్ఫ్ గట్టిగా కట్టి పండబెట్టేది. నిద్రలో పది పదిహేను చీపుర్ల చప్పుడు దగ్గరికొచ్చేది, దూరం పోయేది. మెలకువ వస్తే మీద జెయింట్ వీల్ లైట్లు లేకుండా నల్లగా నిలబడి ఉండేది. బజ్జీల నూనె కాగితాలు, చెరుకు పిప్పి, తెగిన చెప్పులు కుప్పలు కుప్పలు. ఒకసారి కుప్పలో ఎర్ర గాజు దొరికితే అమ్మ కడిగి నాకు తొడిగింది.

ఆ క్లాసులో ఎవరికీ తెలియని నుమాయిష్ నాకు తెలుసు. అది వార్త అవుతుందని మాత్రం తెలియదు. దాయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఎనిమిదేళ్ల పిల్ల అంత పెద్ద సంగతి ఎట్లా నేర్చుకుంది? బోర్డు మీదికి ఎక్కే ఇళ్లను చూసి నేర్చుకుంది. ఎక్కని ఇళ్లను లెక్కపెట్టి నేర్చుకుంది.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఉస్మానియాలో చదువుకున్న యువకుల ఆలోచన అది. తర్వాత ఇప్పుడున్న మైదానానికి మారింది. దాని మీద వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అట్లా నడిచేవే. అంటే ఆ మైదానానికీ చదువుకూ పాత చుట్టరికమే. అమ్మకు ఈ సంగతి మొన్ననే చెప్పాను. "అయితే ఆ పిల్లల సదువుల నా చీపురు గూడ ఉన్నట్టేనా?" అంది.

ఆ మైదానం నుంచి ఆబిడ్స్, కోఠి దాటి నడిస్తే ఇసామియా బజార్. 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకోసం అక్కడ తెలుగు బడి పెట్టాడు. రాజ్యభాష ఉర్దూ అయిన రోజులవి. తర్వాత అట్లాంటి బళ్లు 20కి పైగా అయ్యాయి. బడి పెట్టి ఊరుకోలేదాయన. తాగుడు వద్దని, ఆడపిల్లలను దేవతల పేరిట వదలొద్దని మన వాడలకే వచ్చి చెప్పాడు. ఆయన చెప్పిన సంస్కరణలన్నిటితో నాకు ఏకీభావం లేదు, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. కానీ మన ఇంటికీ బడికీ మధ్య దారి వేసింది ఆయన.

అంతకంటే ముందు పూణేలో ఇంకొక పిల్ల ఉంది. ముక్తాబాయి సాల్వే, మాంగ్ కులం. ఫూలే దంపతుల బళ్లో చదువుకుంది. మాంగ్, మహర్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. దళిత స్త్రీ రచన గురించి మాట్లాడే ప్రతి సెమినార్‌లో ఆ పేరు వినిపిస్తుంది. నేనూ చాలాసార్లు ఆ పేరు పలికాను. కానీ అది ఒక బడి పిల్ల రాసిన ఇంటి కబురు అని ఆదివారం రాత్రి రబ్బరు పట్టుకున్నప్పుడే తోచింది. సావిత్రీబాయి చేతిలో నాలాంటి రబ్బరు ఉండి ఉంటే మనకు ముక్తాబాయి దొరికేది కాదు.

ఇక్కడొక మాట. ఊడ్చే పనిని గొప్ప చేసి చెప్పమని నేను అనడం లేదు. చీపురు మా అమ్మ ఎంచుకున్నది కాదు, మా కులం చేతిలో పెట్టింది. దాన్ని త్యాగమని, సేవ అని పొగిడేవాళ్లను చూస్తే నాకు భయం. పొగిడినంత కాలం అది మన చేతిలోనే ఉంటుంది. దాచిపెట్టడం ఒక ఉచ్చు, పూజించడం ఇంకొక ఉచ్చు. పాప ఈ రెండూ చేయలేదు. అమ్మమ్మ ఊడ్చేది కాబట్టి ఆమెకు దారులు తెలుసు అంది. సిగ్గూ లేదు, దండా లేదు. ఉన్నదున్నట్టు. పీహెచ్డీ చేసిన తల్లికి చేతకాని వాక్యం అది.

మంచం మీద నుంచి అమ్మ అంతా వింటూనే ఉంది. "ఏం చెరిపినవ్ బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. కోపం చేస్తుందేమో అనుకున్నా. కొంచెంసేపు ఏం అనలేదు. తర్వాత, "నువ్వు గూడ ఆ వయసుల ఒకపారి బడినుంచి ఏడ్సుకుంట వచ్చినవ్. ఎందుకని అడిగితే చెప్పలే" అంది.

ముప్ఫై ఏళ్లకు ఆ రాత్రి చెప్పాను. రూపాయి టికెట్ సంగతి విని అమ్మ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. పాప మా ఇద్దరినీ చూసి, నా చేతిలోంచి రబ్బరు తీసి పెట్టెలో వేసి, చెరిపిన చోటే మళ్లీ అదే వాక్యం రాసింది. కింద మసక మరక ఇంకా కనిపిస్తూనే ఉంది.

సోమవారం నేను కాలేజీలో ఉన్నానే గానీ మనసంతా మొదటి పీరియడ్ మీదే. సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "చదివినవా?"

"చదివిన."

"ఎవరన్నా నవ్విన్రా?"

"ఇద్దరు నవ్విన్రు. మిస్ ఏం అనలే. ఒక పిల్ల మాత్రం అందరూ పోయినంక జెయింట్ వీల్ తిరుగుతదా, ఆగుతదా అని అడిగింది. నాకు తెల్వదు, అమ్మమ్మను అడిగి వచ్చే సోమవారం చెప్త అన్న."

ఇప్పుడు ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. అమ్మ చెప్తోంది, పాప రాసుకుంటోంది. నేను బయటే కూర్చున్నాను.

జై భీమ్.